"వేడి సమస్య లేదు" అని రాసిన పేజీ: అనంతపురంలో ఒక ఆర్జీబీ ర్యామ్ కేసు

నా షాపులో ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి తెప్పించే ప్రతి ర్యామ్ జతకూ అందులో ఒక పేజీ. లేబుల్ మీది వేగం ఎంత, నిజంగా నిలబడింది ఎంత, స్టిక్ ఎత్తు, లైటు (ఆర్జీబీ, అంటే రంగులు మారే లైటు) తీరు, ధర, చివర నా మాట ఒకటి రెండు వాక్యాలు. కస్టమర్లు "ఏది తీసుకోమంటావన్నా" అని అడిగినప్పుడు ఆ పుస్తకం తిరగేసే చెప్తాను. జనవరిలో రాసిన ఒక పేజీ చివర ఇలా ఉంది: "మంచి జత. లైటు బాగా పరుచుకుంటుంది. వేడి సమస్య లేదు."

మూడో వాక్యం తప్పు. అది తప్పని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ కథే ఇది. కస్టమర్ ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, కంపెనీల పేర్లు తీసేశాను. కొలతలు మాత్రం నా పుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

కస్టమర్ డిగ్రీ చదివే అబ్బాయి. రాత్రిపూట గేములు ఆడుతూ లైవ్ పెడతాడు. అందుకని పీసీ ఎంత వేగంగా ఉండాలో అంత అందంగా కూడా కనిపించాలి. ముందూ పక్కనా గాజు పలకలున్న క్యాబినెట్, పైన లిక్విడ్ కూలర్, రైజెన్ 5 7600 ప్రాసెసర్, మధ్యస్థం గ్రాఫిక్స్ కార్డు. ర్యామ్ దగ్గర ఇద్దరం గంటసేపు కూర్చున్నాం. లైటు లేని సీఎల్36 జత ఒకటి తక్కువ ధరకు వస్తుంది, అది చాలని నేను. లైట్లున్న సీఎల్30 జత కావాలని తను.

ఈ అంకెల సంగతి కొంచెం చెప్పుకోవాలి. డీడీఆర్5 ర్యామ్ ఏ ప్రొఫైలూ పెట్టకుండా మామూలుగా లేచే వేగం 4800, వోల్టేజీ 1.1. డబ్బా మీద 6000 అని రాసి ఉంటే అది ఎక్స్‌పో ప్రొఫైల్ (కంపెనీ ముందే రాసి ఉంచిన సెట్టింగు) పెడితే వచ్చే వేగం. ఈ జతకు అప్పుడు వోల్టేజీ 1.35. అంటే ఒకరకంగా కంపెనీ వాళ్ళే మామూలు వేగం దాటించి పెట్టిన ఓవర్‌క్లాక్. వేగం ఒక్కటే చూస్తే సరిపోదు. సీఎల్ అంటే అడిగిన సమాచారం ఇచ్చేముందు ర్యామ్ ఎన్ని క్లాక్ సైకిళ్ళు ఆగుతుందో చెప్పే అంకె. ఆ అంకెను 2000తో గుణించి వేగంతో భాగిస్తే మొదటి జవాబు ఎన్ని నానోసెకన్లకు వస్తుందో తెలుస్తుంది. 6000 సీఎల్30కి 10 నానోసెకన్లు, 6000 సీఎల్36కి 12. పాత డీడీఆర్4లో 3200 సీఎల్16 జతకూ ఇదే లెక్కన 10 వస్తుంది. కొత్త తరం అనగానే అన్నిట్లోనూ ముందుకు పోయినట్టు కాదు. సరే, ఆటల్లో ఈ రెండు నానోసెకన్లు కాస్తో కూస్తో కనిపిస్తాయి. అబ్బాయి కోరిక మరీ తప్పేం కాదు.

అమ్మే ముందు నేను చేసిన పరీక్ష ఏమిటంటే, బోర్డును బల్ల మీద పెట్టి, క్యాబినెట్ లేకుండా, షాపు ఏసీలో, ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాము మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు. ఒక్క తప్పూ లేదు. స్టిక్ ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. అది జనవరి. "వేడి సమస్య లేదు" అని రాసేశాను.

వచ్చిన ఇబ్బంది

ఏప్రిల్ మూడో వారంలో ఫోను. "అన్నా, పొద్దున బాగుంటాది. మధ్యాన్నం రెండు దాటితే చాలు, గేము దానంతట అదే మూసుకుపోతాంది. ఒగోసారి బ్లూ స్క్రీనే వస్తాంది. రాత్రి పది తర్వాత మళ్ళీ ఏమీ ఉండదు."

బ్లూ స్క్రీన్ ఫోటోలు పంపమన్నాను. నాలుగు పంపాడు. ఒకదాంట్లో మెమరీ మేనేజ్‌మెంట్, ఒకదాంట్లో పేజ్ ఫాల్ట్, మిగతా రెండూ వేరువేరు. డ్రైవర్ చెడితే సాధారణంగా ఒకే కోడ్ మళ్ళీమళ్ళీ వస్తుంది. రోజుకో పేరు చెప్పే తప్పు చాలాసార్లు ర్యామ్‌దే. అయినా ఆ ర్యామ్‌ను పాస్ చేసింది నేనే కదా. మనసు దాని మీదికి పోలేదు.

పీసీ తెచ్చినప్పుడు వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. కౌంటర్ మీద చెయ్యేసి, "ఏమప్పా, పెండ్లి పందిరి మాదిరి ఎలుగుతాంది గానీ గంటసేపు పనిచెయ్యదే!" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

మూత తీస్తే నాలుగు స్టిక్కులు. నేనిచ్చినవి రెండే. మార్చిలో అబ్బాయి ఆన్‌లైన్‌లో అదే మోడల్ ఇంకో జత కొని తనే పెట్టుకున్నాడు. మెమరీ చాలక కాదు, రెండు స్లాట్లు ఖాళీగా ఉంటే లైటు తెగినట్టు కనిపిస్తోందని. "పళ్ళూడిన నోరు మాదిరి ఉంటాదన్నా" అన్నాడు. నాలుగూ పెట్టాక 6000లో లేవలేదు. పెట్టిన మొదటిసారి నిమిషాల తరబడి తెర నల్లగానే ఉంటే చెడిపోయిందనుకుని భయపడ్డాడట. అది మెమరీ ట్రైనింగ్ (కొత్త స్టిక్కులకు తగ్గట్టు బోర్డు సర్దుకోవడం), డీడీఆర్5 బోర్డులకు మామూలే. చివరికి 5200కి దించితే లేచింది. రైజెన్ 7000 వరుసకు దాన్ని తయారుచేసే ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు స్టిక్కులకు 5200, నాలుగు స్టిక్కులకు 3600. అది నాకు తెలుసు. కానీ 5200లో చాలామందికి నడుస్తుంది. అదీ తెలుసు. కాబట్టి అక్కడ ఆగలేదు.

చేసినవి, తప్పినవి

మొదట కరెంటును అనుమానించాను. మా ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నం ఏసీలూ కూలర్లూ ఒక్కసారే తిరుగుతాయి, వోల్టేజీ పడుతుంది. చెడేది మధ్యాహ్నమే కాబట్టి లెక్క కుదిరినట్టే అనిపించింది. ఇంటికి మీటరు పంపి చూడమన్నాను. 205 దగ్గర ఉంది. పీసీకి కరెంటు ఇచ్చే మంచి ఎస్‌ఎంపీఎస్‌కు అది ఒక లెక్క కాదు, 100 నుంచి 240 దాకా తట్టుకుంటుంది. అయినా తృప్తి కోసం షాపులోని యూపీఎస్ ఇచ్చి రెండు రోజులు నడిపించాను. రెండో రోజు మూడింటికి మళ్ళీ పడింది.

తర్వాత పీసీని షాపులో ఉంచుకుని రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టాను. మర్నాడు పొద్దున పదకొండుకు నాలుగు పాస్‌లూ అయ్యాయి. తప్పులు సున్నా. "ర్యామ్ బాగానే ఉంది, విండోస్ పాడయిందేమో" అని కొత్తగా విండోస్ వేసి పంపాను. ఈ కేసులో నేను చేసిన పెద్ద పొరపాటు ఇదే. ఆ అబ్బాయి గేములన్నీ మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకున్నాడు, రెండు రోజుల నెట్ డేటా ఖర్చయింది. ఆ సాయంత్రమే మళ్ళీ బ్లూ స్క్రీన్.

అప్పుడు కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకున్నాను. షాపులో పాసై ఇంట్లో ఫెయిలవుతోందంటే ఈ రెండు చోట్లా ఏది వేరు? కరెంటు కాదని తేలిపోయింది. షాపులో ఏసీ ఉంది. పక్క పలక తీసి పెట్టాను. పరీక్ష నడిచింది రాత్రి. పైగా మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. గేము ఆడేటప్పుడు అది కుంపటి. దాని వేడంతా పైకే లేస్తుంది, పైన ఉన్నది ర్యామ్. మామూలు టవర్ కూలర్ అయితే దాని ఫ్యాను గాలి ర్యామ్ మీదుగా పోతుంది. ఇక్కడ ఉన్నది లిక్విడ్ కూలర్, ఆ చుట్టుపక్కల గాలి కదలనే కదలదు. వీటిలో ఒక్కటి కూడా నా పరీక్షలో లేదు.

అందుకని ఈసారి పీసీని తెప్పించలేదు. నేనే వాళ్ళింటికి పోయాను, మధ్యాహ్నం రెండున్నరకు.

మిద్దె మీది రూము

ఆర్‌సీసీ స్లాబు కింద గది. నీళ్ళ కూలర్ తిరుగుతోంది. అనంతపురం పొడి ఎండకు కూలర్ బాగానే పనిచేస్తుంది గానీ స్లాబు కాలి ఉన్నప్పుడు దానిదీ ఒక హద్దే. గోడ గడియారంలోని ఉష్ణోగ్రత 38 చూపిస్తోంది. క్యాబినెట్ ముందు గాజు, గోడకు జానెడు దూరంలో వెనక ఫ్యాను.

డీడీఆర్5లో ఒక మేలు ఉంది. ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ హబ్ అనే చిన్న చిప్పు ఉంటుంది, అందులోనే ఉష్ణోగ్రత కొలిచే సెన్సరూ ఉంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ప్రోగ్రాము పెడితే స్టిక్ స్టిక్‌కూ వేడి కనిపిస్తుంది. పెట్టాను. మొదటి స్టిక్ 50, రెండోది సున్నా, కాసేపటికి అసలు ఏమీ లేదు. అంతలో లైట్లు కూడా ఒక రంగు దగ్గర బిగుసుకుపోయాయి. స్టిక్ చెడిందా అని ఒక్క క్షణం గుండె ఆగింది.

చెడలేదు. సెన్సరూ, స్టిక్ వివరాలు రాసి ఉండే మెమరీ, లైటును నడిపే చిప్పూ అన్నీ ఎస్‌ఎంబస్ అనే ఒకే రెండు తీగల దారి మీద ఉంటాయి. లైట్ల సాఫ్ట్‌వేర్ సెకనుకు ఎన్నోసార్లు ఆ దారిలో రంగులు పంపుతూ ఉంటే, నా ప్రోగ్రాము అదే దారిలో వేడి ఎంతని అడుగుతోంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. లైట్ల సాఫ్ట్‌వేర్ తీసేసి రీస్టార్ట్ చేశాక అంకెలు కుదురుకున్నాయి. స్టిక్ వివరాలు ఉండే చోటు కూడా అదే దారి కాబట్టి బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఎస్‌పీడీ రైట్ డిజేబుల్ అన్న ఆప్షన్ ఉంటే వేసి ఉంచడం నా అలవాటు. అక్కడ పొరపాటున వేరే ఏదైనా రాసుకుపోతే స్టిక్ తన పేరు తనే మరిచిపోతుంది.

గేము అరగంట నడిపాం. మధ్యలో ఇరుక్కున్న రెండు స్టిక్కులు 73 డిగ్రీలకు చేరాయి. వెంటనే టెస్ట్‌మెమ్5 అనే ఇంకో ర్యామ్ పరీక్ష పెడితే ఆరు నిమిషాలకు మొదటి తప్పు. పక్క పలక తీసి పెడస్టల్ ఫ్యాను ఎదురుగా పెట్టాం. 54కు దిగింది. గంటసేపు తప్పు లేదు. పలక మళ్ళీ మూశాం. ఇరవై నిమిషాలకు మళ్ళీ తప్పు.

వాళ్ళ నాన్న వెనకనుంచి, "సూస్తివా, లైట్ల వేడే! అవి పీకి పారెయ్యప్పా" అన్నాడు. నిజానికి నాకూ అదే అనుమానం. లైట్లన్నీ నిండు తెలుపులో పెట్టి ఒకసారి, పూర్తిగా ఆర్పి ఒకసారి కొలిచాను. తెలుపంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకేసారి వెలగాలి, అంతకన్నా ఎక్కువ భారం లైటుకు లేదు. తేడా మూడు డిగ్రీలు. లైటు నిర్దోషి కాదు, అసలు దొంగ మాత్రం అది కాదు.

73 దగ్గర ఎందుకు?

ఇక్కడే నేను ఆగిపోయి ఉంటే కేసు అరకొరగా ముగిసేది. వేడి వల్ల పడుతోంది, ఒక ఫ్యాను పెట్టు, అంతే. కానీ ఒక సంగతి మింగుడు పడలేదు. డీడీఆర్5 చిప్పులు 85 డిగ్రీల దాకా మామూలుగా పనిచేయాలని ప్రమాణం. సెన్సర్ మెమరీ చిప్పుల లోపల ఉండదు కాబట్టి లోపల ఇంకో నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉన్నా 77. ఇంకా హద్దు దాటలేదు. మరి ఎందుకు తప్పుతోంది? ఎక్కడో ఎవరో ఆ హద్దును ముందుకు జరిపి ఉండాలి.

బయోస్‌లో మెమరీ టైమింగుల లోపలి పేజీలు తెరిచాను. షాపులో రాత్రంతా నా దగ్గరే ఉన్న పీసీలో ఈ పేజీ నేను తెరవనే లేదు. టీ-రెఫీ ఎదురుగా 65535 అని ఉంది. ఆటోలో వదిలేస్తే అది 5200 వేగానికి పదివేల పైచిలుకు ఉండాలి.

ర్యామ్ లోపలి ఒక్కో చిన్న అరలో (సెల్‌లో) సమాచారం అంటే ఒక చిన్న కెపాసిటర్‌లోని చార్జి. అది కారిపోతూ ఉంటుంది, అడుగున చిల్లి ఉన్న కుండలో నీళ్ళలాగ. ఆరిపోకముందే మళ్ళీ నింపాలి. అదే రిఫ్రెష్. ఎంతకోసారి నింపాలో చెప్పేదే టీ-రెఫీ. డీడీఆర్5కు మామూలుగా 3.9 మైక్రోసెకన్లకోసారి. వేడెక్కితే చార్జి ఇంకా తొందరగా కారుతుంది. అందుకే 85 దాటితే ఆ వ్యవధిని సగం చేయమని ప్రమాణమే చెప్తుంది. 5200 వేగంలో 65535 అంటే దాదాపు 25 మైక్రోసెకన్లు, మామూలు కన్నా ఆరు రెట్లకు పైనే. చలిలో కుండ అంతసేపు ఓర్చుకుంటుంది. మిద్దె మీద మే నెల మధ్యాహ్నం ఓర్చుకోదు.

అబ్బాయిని అడిగితే దాచలేదు. "ర్యామ్ రివ్యూ వీడియోలో చూసి పెట్టినా అన్నా. రిఫ్రెష్ తగ్గితే లేటెన్సీ తగ్గుతాదని చెప్పినాడు." లేటెన్సీ అంటే జవాబు రావడానికి పట్టే సమయం. ఆ రివ్యూ చేసినాయన అబద్ధం చెప్పలేదు. రిఫ్రెష్ జరిగే కాసేపు ర్యామ్ వేరే పని చేయదు, కాబట్టి అది ఎంత అరుదైతే అంత లాభమే. వీడియో నాకూ చూపించాడు. బోర్డు బల్ల మీద పరిచి ఉంది, స్టిక్కుల మీదికి ఒక ఫ్యాను తిప్పి పెట్టి ఉంది. జనవరిలో నా బల్ల ఎట్ల ఉందో అదీ అట్లనే.

ఏది పనిచేసింది

మూడు అనుమానాలు చేతిలో ఉన్నాయి: టీ-రెఫీ, నాలుగు స్టిక్కులు, గాలి. మూడూ ఒకేసారి సరిచేస్తే పీసీ బాగవుతుంది గానీ ఏది ఎంత కారణమో తెలియదు. రేపు ఇంకొకరు వస్తే మళ్ళీ మొదటికే. అందుకని ఒక్కొక్కటే మార్చాను.

మొదట టీ-రెఫీ ఒక్కటే ఆటోకి. అదే గది, అదే పలక, అదే 73 డిగ్రీలు. టెస్ట్‌మెమ్5 గంటంబావు నడిచింది, తప్పు లేదు. అనుకున్నది నిజమైంది. ఇంక అయిపోయిందనుకుని ఇంటికి వచ్చేశాను.

మూడో రోజు ఫోను. ఈసారి పడింది పొద్దున ఎనిమిదింటికి, కూలింగ్ అంతా బాగున్నప్పుడు. చిరాకు వచ్చినమాట నిజమే గానీ, ఇది మంచి సమాచారం. పొద్దున పడిందంటే వేడితో సంబంధం లేని రెండో జబ్బు ఒకటి మొదటిదాని వెనక దాక్కుని ఉంది. రెండు జతల లేబుళ్ళు పక్కపక్కన పెట్టి చూశాం. మోడల్ నంబరు ఒకటే, కింద వెర్షన్ కోడ్ వేరు. భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్‌లో చూస్తే ఒక జతలో ఒక కంపెనీ మెమరీ చిప్పులు, రెండో జతలో ఇంకో కంపెనీవి. పేరొకటే, మనుషులు వేరు. ప్రాసెసర్‌లోని ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్‌కు నాలుగు స్టిక్కులు మోయడమే కష్టం, అందులో రెండు తీర్లవి.

మూడు దారులు కనిపించాయి. కంట్రోలర్ ఉన్న భాగానికి అందే ఎస్‌ఓసీ వోల్టేజీ పెంచి కంట్రోలర్‌కు బలం ఇవ్వడం ఒకటి. 2023లో కొన్ని రైజెన్ ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ ఆ వోల్టేజీకి 1.3 దగ్గర గేటు వేసింది. 38 డిగ్రీల గదిలో ఆ గేటు దగ్గరికి పోవడం నాకు ఇష్టం లేదు. నాలుగింటినీ 3600కు దించడం ఇంకొకటి, లైటు కోసం వేగాన్ని అమ్ముకోవడమే అది. మూడోది, రెండు స్టిక్కులు తీసేయడం. గేములకూ లైవ్‌కూ 32 జీబీ నిండుగా సరిపోతుంది. నేను మూడోదే అన్నాను.

అబ్బాయి ముఖం చిన్నబోయింది. మెమరీ లేకుండా ఉత్త లైటు మాత్రమే ఉండే డమ్మీ స్టిక్కులు వస్తాయి కదా, అవి పెడదామా అన్నాడు. నిజమే, ఖాళీ స్లాట్లు నింపడానికే కొన్ని కంపెనీలు అవి అమ్ముతాయి. కంట్రోలర్‌కు వాటితో భారం లేదు. కానీ గాలి పోయే సందు మళ్ళీ మూసుకుపోతుంది. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే వద్దన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఒకసారి పెట్టి కొలిచి చూసి వద్దని ఉండాల్సింది.

చివరికి నేను జనవరిలో ఇచ్చిన జతే ప్రాసెసర్ నుంచి రెండో, నాలుగో స్లాట్లలో. ఎక్స్‌పో 6000, సీఎల్30, టీ-రెఫీ ఆటో. ముందు గాజు తీసేసి, కిటికీలకు దోమల మెష్ బిగించే ఆయన దగ్గర అల్యూమినియం మెష్ కొలతకు కోయించి పెట్టాం. దుమ్ము ఊళ్ళో తక్కువేం కాదు, అది పదిహేను రోజులకోసారి తుడవాలి. లైట్లు మూడో వంతు వెలుతురుకు తగ్గించాం. గాజు పోయాక లైటు ఇంకా మెత్తగా కనిపిస్తోందని అబ్బాయే అన్నాడు.

పరీక్ష మళ్ళీ మధ్యాహ్నం రెండున్నరకే, మిద్దె మీదే, పలకలన్నీ మూసే. ఒకపక్క గ్రాఫిక్స్ కార్డుకు నిండు పని, ఇంకోపక్క టెస్ట్‌మెమ్5, మూడు గంటలు. ఎక్కువలో ఎక్కువ 61 డిగ్రీలు, తప్పు లేదు. ఐడా64 అనే ప్రోగ్రాములో లేటెన్సీ కొలిస్తే 71 నానోసెకన్లు. నాలుగు స్టిక్కులతో, టీ-రెఫీ చివరిదాకా లాగి ఉన్నప్పుడు అదే మిషన్‌లో వచ్చింది 76. అబ్బాయి ఆ రెండు అంకెలూ ఫోటో తీసుకున్నాడు. మే అంతా గడిచి జూన్‌లో ఫోన్ చేసి అడిగాను, ఒక్కసారీ పడలేదన్నాడు.

నా పుస్తకంలో మారినవి

ఆ జనవరి పేజీ చింపలేదు. మూడో వాక్యం కొట్టేసి పక్కన "ఏసీలో, బల్ల మీద, చలికాలం" అని రాశాను. ఇప్పుడు ప్రతి పేజీలోనూ కొత్తగా ఒక గడి ఉంది: గది ఎంత డిగ్రీలు, క్యాబినెట్ మూసి ఉందా, గ్రాఫిక్స్ కార్డు పనిలో ఉందా. షాపులో పరీక్ష చేసేటప్పుడు ఏసీ ఆపి, క్యాబినెట్ మూసి, గ్రాఫిక్స్ కార్డును వేడెక్కించి, ఆపైనే మెమరీ పరీక్ష మొదలుపెడతాను. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కొన్న జతల పక్కన ఒక చుక్క పెడతాను. అవి ఏప్రిల్‌లో మళ్ళీ చూడాల్సినవి. రిపేరుకు వచ్చిన మిషన్‌లో టైమింగుల పేజీలన్నీ ఫోటో తీయకుండా ఏ పరీక్షా పెట్టను.

లైట్లున్న జతల గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు. మంచివి ఉన్నాయి, డబ్బుకు తగ్గవీ ఉన్నాయి. టవర్ కూలర్ వాడే వాళ్ళు ఎత్తు చూసుకోవాలి. మామూలు స్టిక్ 31 మిల్లీమీటర్ల చిల్లర ఉంటే లైటు పట్టీ ఉన్నవి 44కు, కొన్ని ఇంకా పైకీ పోతాయి, ఫ్యానుకు తగులుతాయి.

తీసేసిన రెండో జతను అమ్మి పెట్టమని అబ్బాయి నా దగ్గరే వదిలాడు. టవర్ క్లాక్ దగ్గర డీటీపీ చేసే ఒకాయనకు సగం ధరకు ఇచ్చాను. ఏ ప్రొఫైలూ పెట్టకుండా 4800లో నడుస్తోంది, పెండ్లి పత్రికలు కొడుతోంది. ఆయన క్యాబినెట్‌కు గాజు లేదు, నాలుగు వైపులా రేకు. లైట్లు ఆర్పే సాఫ్ట్‌వేర్ వేయమని ఆయన అడగలేదు, నేనూ వేయలేదు. లోపల రంగులు తిరుగుతూనే ఉంటాయి.